ఉమ్మడి గృహములు - కావలి యంత్రములు

గద్వాల 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాకేంద్రమైనది. జిల్లాకేంద్రమన్నచో ఉద్యోగులును విద్యార్థులును వర్తకులును వచ్చి చేరుదురు. ఒక్క కప్పు క్రింద పలు కుటుంబములు కాపురముండును. అట్టి ఉమ్మడి కట్టడములలో గుమ్మమునొద్దను మెట్లమీదను కెమెరాల నమర్చు నాచారము రాష్ట్రమంతటను వ్యాపించినది. దొంగల భయము నిజమైనదే. కావలి యక్కఱలేదని మే మనము. కాని ఆ కన్ను ఎవరిని చూచుచున్నది, చూచినదానిని ఎవరు దాచుచున్నారు అని యడుగువారు అరుదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టము, ఒకేసారి 100 మంది గుమిగూడు స్థలములలో కెమెరాల నుంచి, చిత్రములను 30 దినములు భద్రపఱుపవలెనని విధించినది. తెలంగాణమునందును అది అమలులోనికి వచ్చినది. నాలుగైదు కుటుంబములు అద్దెకున్న మేడ యీ లెక్కకు రాదు. అచ్చట యజమాని చిత్తమే శాసనము.

2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామి వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తులు, వ్యక్తి ఏకాంతము ప్రాథమిక హక్కని యేకగ్రీవముగ తీర్పు చెప్పిరి. ప్రభుత్వము దానిలో జొరబడవలెనన్నచో చట్టాధారమును, యుక్తమైన ప్రయోజనమును, మితమును జూపవలెను. ప్రభుత్వమునకే యింత కట్టుబాటుండగా, ఇంటియజమాని యే కట్టుబాటును లేక వర్తించుట తగునా?

అద్దెకున్నవాడు ఎదురాడకున్న సమ్మతించెనని తలంతురు. ఈ యిల్లు వదలిన మఱియొకటి దొరకునో లేదో యని జంకువాని మౌనము సమ్మతి గాదు. పనికి వచ్చు స్త్రీని, వచ్చిపోవు బంధువును అడిగినవారే లేరు. పూర్వము కోటవాకిట కావలివాడు ఎల్లరకును కనబడునట్లు నిలుచుండెడివాడు. నేటి కన్ను గోడమూల నొదిగి, చూచినదెల్ల దాచుకొనును.

పనికి తగిన యంత్రమును ఎన్నుకొనుట వివేకము. మెట్లదీపము తనంత వెలుగుటకు దేహపు వేడిమిని కనిపెట్టు చిన్న పరికరము చాలును. అది మనుష్యుల ముఖముల నెఱుగదు. కెమెరా ముఖములను పట్టును. కొన్ని మాటలనుగూడ పట్టును. వీధిగుమ్మమును కాచు కెమెరా అద్దెవారి తలుపులోనికి తొంగిచూడ నక్కఱలేదు.

కావున మేడలు గలవారికి మా విన్నపము: కెమెరా నమర్చుటకు ముందు కాపురమున్నవారి నందఱను, స్త్రీలను సహితము, అడుగుడు. అది యెందులకో, చిత్రములు ఎన్నిదినములుండునో, ఎవరు చూతురో వ్రాసి గోడకు తగిలింపుడు. మాటలను పట్టు ఏర్పాటును ఆపుడు. గడువు తీరినంతనే చిత్రములను చెఱిపివేయుడు. అడిగి పెట్టిన కావలిని కాపురమువారు తమదిగా నెంచుదురు. అడుగక పెట్టినది వారికి నిఘాయే యగును.