లండన్ చదువు, అమ్మ సంతకం

మా కేంద్రానికి వచ్చే పిన్ని ఒకామె మొన్న కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "మా అమ్మాయి లండన్‌లో చదువుతానంటోంది టీచరమ్మా. వీటిమీద నన్ను సంతకం పెట్టమంటున్నారు. సంతకం పెట్టడం వచ్చు. ఇందులో ఏముందో చెప్పు" అంది. ఇద్దరం కూర్చుని రెండు రోజులు చదివాం.

లండన్ బ్రిటన్ దేశానికి రాజధాని. పెద్ద నగరం. అక్కడ పీజీ చదువులు చాలావరకు ఒక్క ఏడాదే. వెళ్ళాలంటే ముందు పాస్‌పోర్టు ఉండాలి. కాలేజీ వాళ్ళు సీటు ఇచ్చినట్టు ఒక నంబరు పంపాలి. వాళ్ళు ఒప్పుకున్న కేంద్రంలోనే టి.బి. పరీక్ష చేయించుకోవాలి. ఆ తర్వాత వీసా అడగాలి. వీసా అంటే ఆ దేశంలోకి రానిచ్చే అనుమతి.

ఇక డబ్బు సంగతి. వీసా కావాలంటే మొదటి ఏడాది ఫీజు, తొమ్మిది నెలల ఖర్చు మన దగ్గర ఉన్నట్టు చూపాలి. లండన్‌లో ఉండడానికి నెలకు 1,529 పౌండ్లు చూపాలని 2025 నవంబరులో పెట్టారు. తొమ్మిది నెలలకు 13,761 పౌండ్లు. పౌండు 115 రూపాయలనుకుంటే 15 లక్షల 82 వేలు దాటుతుంది. ఫీజు దీనికి వేరే! ఆ డబ్బు బ్యాంకులో వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. తల్లి ఖాతాలో ఉన్నా సరే. అప్పుడు బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు, తల్లి ఒప్పుకున్నట్టు ఉత్తరం జతచేయాలి. బ్యాంకు ఇచ్చే చదువు అప్పు కాగితమైనా చెల్లుతుంది.

కొందరు ఏజెంట్లు "డబ్బు ఉన్నట్టు కాగితం మేం పుట్టిస్తాం, కమీషన్ ఇవ్వండి" అంటారు. ఒప్పుకోకండి. దొంగ కాగితమని తేలితే వీసా పోతుంది. పదేళ్ళ దాకా ఆ దేశం గడప తొక్కనివ్వకపోవచ్చు. నష్టపోయేది ఏజెంటు కాదు, పిల్ల.

పిన్నిని సంతకం అడిగింది అప్పు కాగితం మీద. అందులో ఆమె పేరు కో-అప్లికెంటు అని ఉంది. అంటే కూతురితో పాటు ఆమె కూడా అప్పు తీసుకున్నట్టే. కూతురు కట్టలేకపోతే తల్లిని అడుగుతారు. ఇంకో కాగితంలో ఇల్లు తాకట్టు పెట్టినట్టు ఉంది. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు!

"చదువయ్యాక ఏడాది దాకా కట్టక్కర్లేదట కదా?" అంది. నిజమే, చాలా బ్యాంకుల్లో అలాగే ఉంటుంది. కానీ వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజునుంచే నడుస్తుంది. 20 లక్షలు ఒకేసారి తీసుకుని, నూటికి ఏడాదికి 10 రూపాయల వడ్డీ అనుకుందాం. మన ఊరి లెక్కలో నూటికి నెలకు 83 పైసలు. తక్కువే కదా అనిపిస్తుంది. చదువు ఏడాది, ఆ తర్వాత ఏడాది కలిపితే వడ్డీయే 4 లక్షలు. పిన్ని ఆ లెక్క వేళ్ళమీద రెండుసార్లు వేసుకుంది.

అక్కడ పని చేసి తీర్చేస్తుందిలే అనుకోవడానికి లేదు. డిగ్రీ, పీజీ పిల్లలు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ సంపాదన తిండికి, బస్సుకు కొంత ఆసరా, అంతే.

డబ్బు చాలక చదువు ఆగడం కొత్తేమీ కాదు. అంబేద్కర్ గారు 1916లో లండన్‌లో చేరారు. బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనం గడువు అయిపోయి 1917లో తిరిగి వచ్చేశారు. ఇక్కడ పని చేసి, కొంత కూడబెట్టి, కొంత అప్పు తెచ్చి 1920లో మళ్ళీ వెళ్ళారు. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు విదేశీ చదువు సాయం పథకాలు ఉన్నాయి. అప్పుకు ముందు జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో అడగాలి.

ఆస్పత్రి కోసం ఏడాదికి 776 పౌండ్లు వీసాతోనే కట్టించుకుంటారు. కాబట్టి వెళ్ళగానే దగ్గరి డాక్టరు దగ్గర పేరు రాయించుకోవాలి. గది చూడకుండా అడ్వాన్సు పంపకూడదు. ఇక మన అమ్మల సంగతి తెలిసిందే, సామాన్లలో తినేవే ఎక్కువ పెడతాం. నెయ్యి, పాలకోవా పెట్టకండి. పాలతో చేసినవి, మాంసం అక్కడికి తీసుకుపోనివ్వరు.

పిన్ని బ్యాంకుకు వెళ్ళి అడిగింది. వడ్డీ ఎంత? ఎప్పటినుంచి కట్టాలి? ఇల్లు ఎన్నాళ్ళు తాకట్టులో ఉంటుంది? జవాబులు తన నోటుబుక్కులో తనే రాసుకుంది. లండన్ కాకుండా వేరే ఊళ్ళయితే నెలకు 1,171 పౌండ్లు చూపితే చాలు. ఇప్పుడు తల్లీకూతుళ్ళు ఆ ఊళ్ళ కాలేజీల ఫీజులు చూస్తున్నారు. సంతకం ఇంకా పెట్టలేదు.