కార్యాలయ సర్వరుకు స్థిరమైన నంబరు

పంచాయతీ సమావేశములో ఎప్పుడో ఒకప్పుడు ఇట్టి అంశము చర్చకు వచ్చును: “కార్యాలయ సర్వరు పనిచేయుట లేదు. క్రొత్తది కొనుటకు అనుమతి ఇయ్యవలెను.” సభ్యులు చేయి ఎత్తుటకు ముందు ఒక ప్రశ్న అడుగుట మంచిది: చెడినది యంత్రమా, లేక దాని నంబరు మారినదా? నంబరు మాత్రమే మారియున్నచో, పావుగంటలో సరియగు పనికి గ్రామ నిధులు వేల రూపాయలు ఖర్చగును.

ఇచ్చట సర్వరు అనగా ఎక్కడనో ఉన్న ప్రభుత్వపు పెద్ద యంత్రము కాదు. భీమవరము చుట్టుప్రక్కల ఉండి, వీరవాసరము, పాలకోడేరు వంటి చోట్ల ఒక పంచాయతీ కార్యాలయమును ఊహించుకొందము. అందు ఒక కంప్యూటరును ప్రత్యేకించి పాత తీర్మానముల ప్రతులు, ఇంటిపన్ను రిజిస్టర్ల నకళ్ళు, రోడ్డు పనుల అంచనాలు దానిలో భద్రపరచినారు. మిగిలిన కంప్యూటర్లు దానిని చేరి కావలసిన కాగితమును తెచ్చుకొనును. ఆ కంప్యూటరే సర్వరు. ఇవి అన్నియు రౌటరు అను చిన్న పెట్టెకు తగిలియుండును. ఇంటర్నెట్టు కనెక్షను వచ్చునది కూడ ఆ పెట్టెకే.

యంత్రములు ఒకదానినొకటి నంబరు చేత గుర్తించును. దీనినే ఐ.పి. చిరునామా అందురు. 192.168.1.10 వలె నాలుగు భాగములుగా వ్రాయుదురు. ఒక్కొక్క భాగము 0 నుండి 255 వరకు ఉండును. ఈ విధమున కూర్చగల నంబర్లు సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచ జనాభా 2022 నాటికే 800 కోట్లు దాటినది. పంచిపెట్టుటకు ప్రపంచ కేంద్ర నిల్వలో మిగిలిన నంబర్లు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయినవి. ఈ కొరతను ముందే గ్రహించి, 1994లో కొన్ని నంబర్ల వరుసలను లోపలి వాడుకకు విడిచిపెట్టినారు. 192.168తో మొదలగునవి అట్టివే. ప్రతి ఊరిలోను రామాలయము వీధి ఉన్నట్లు, 192.168.1.10 ఉండిలోను ఉండవచ్చును, ఆకివీడులోను ఉండవచ్చును. బయటి ప్రపంచమునకు కనబడునది వేరొక నంబరు. దానిని కనెక్షను ఇచ్చిన సంస్థ ఇచ్చును.

గోదావరి డెల్టా రైతునకు ఈ భేదము క్రొత్త కాదు. ధవళేశ్వరము నుండి ప్రధాన కాలువకు నీరు వదలుట ఇంజనీర్ల పని. తూము దిగువ బోదెను ఏ చేనికి ముందు త్రిప్పవలెనన్నది రైతులు తమలో తాము నిర్ణయించుకొందురు. రౌటరు ఆ తూము వంటిది. దాని లోపలి నంబర్లను నిర్ణయించు అధికారము కార్యాలయమునకే కలదు.

అయితే నంబరు ఎందుకు మారును? ఎవరును ఏమియు చెప్పనిచో రౌటరే నంబర్లను పంచును. అది నంబరును దానమీయదు, కౌలుకిచ్చును. గడువు కొన్ని గంటలు కావచ్చును, ఒక దినము కావచ్చును. యంత్రము నడుచుచున్నంత కాలము గడువు సగము కాగానే కౌలును పొడిగించుకొనును గాన చిక్కు లేదు. సంక్రాంతికి కార్యాలయము మూసినారనుకొనుడు (భీమవరము ప్రాంతమున ఆ మూడు దినములు కార్యాలయపు తలుపు తీయువారెవరు?). సర్వరు కట్టివేయబడినది, కౌలు తీరినది. తెరచిన నాడు ముందుగా వచ్చిన ఎవరి సెల్‌ఫోనుకో ఆ నంబరు పోయినది. తరువాత లేచిన సర్వరుకు మరియొక నంబరు దొరకినది. మిగిలిన కంప్యూటర్లు పాత నంబరునే వెదకి, సర్వరు లేదని చెప్పును. ఇంటిపన్ను నకలు కొరకు వచ్చిన వృద్ధురాలు “రేపు రండి” అనిపించుకొని మరలిపోవును.

దీనికి ఉపాయములు రెండు. మొదటిది, సర్వరులోనే నంబరును వ్రాసియుంచుట. నంబరుతో పాటు 255.255.255.0 అను మాస్కు, రౌటరు నంబరు, డి.ఎన్.ఎస్. నంబరు కూడ వ్రాయవలెను. ఆ నంబరు రౌటరు పంచు వరుసలో ఉండరాదు. రౌటరు 100 నుండి 199 వరకు పంచునట్లు ఏర్పరచి, సర్వరుకు 192.168.1.10, ప్రింటరుకు 11, కెమేరా పెట్టెకు 12 ఉంచవచ్చును. ఈ జాగ్రత్త లేనిచో రౌటరు అదే నంబరును మరియొక యంత్రమునకు ఇచ్చును. అప్పుడు సర్వరు ఒకపూట కనబడి, ఒకపూట కనబడక మెకానిక్కును కూడ మోసగించును.

రెండవది, రౌటరులో నంబరును రిజర్వు చేయుట. ప్రతి యంత్రమునకు మాక్ చిరునామా అని పన్నెండు అక్షరముల గుర్తు కలదు. “ఈ గుర్తు గల యంత్రమునకు ఎల్లప్పుడు ఈ నంబరే” అని రౌటరులో వ్రాసినచో చాలును. అన్ని నంబర్లు ఒకచోట కనబడును గాన చిన్న కార్యాలయమునకు ఇదియే మేలని నా అభిప్రాయము. లోపము లేకపోలేదు: పిడుగుపాటుకు రౌటరు కాలి క్రొత్తది వచ్చినచో రిజర్వేషన్లన్నియు దానితోనే పోవును. మొదటి ఉపాయమునకును ఇట్టి చిక్కే కలదు. క్రొత్త రౌటరు 192.168.0 వరుసను వాడునదైనచో, 192.168.1.10 అని తనలో వ్రాసికొన్న సర్వరును ఎవరును చేరలేరు. కనుక యంత్రము పేరు, మాక్ గుర్తు, నంబరు, మార్చిన తేదీ ఒక పుస్తకములో వ్రాసి బీరువాలో ఉంచవలెను. ఆ వివరములు సర్వరులోనే దాచినవారు లేకపోలేదు!

పని ముగిసినదని చెప్పిన మెకానిక్కును వెంటనే పంపరాదు. రౌటరును, సర్వరును కట్టివేసి మరల వేయించి, వేరొక కంప్యూటరు నుండి పాత నంబరుకే సర్వరు పలుకుచున్నదేమో చూడవలెను.

ఇంటి నుండి కూడ సర్వరును చూడవలెనని కొందరు కోరుదురు. అందుకై రౌటరులో ద్వారము తెరచుటను పోర్టు ఫార్వర్డింగు అందురు. అనేక కనెక్షన్లలో ఇది ఫలించదు. ఒకే బయటి నంబరును సంస్థ పెక్కుమందికి కలిపి ఇచ్చును. రౌటరు బయటివైపు నంబరు 100.64 మొదలు 100.127 వరకు గల వరుసలో ఉన్నచో అట్టిదే. స్థిరమైన బయటి నంబరునకు సాధారణముగా వేరుగా రుసుము చెల్లించవలెను. అంతకంటె ముఖ్యమైనది, తెరచిన ద్వారమున దొంగయు రాగలడు. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఫైళ్ళను పంచుకొను 445వ పోర్టు ద్వారా ప్రపంచమంతట వ్యాపించి, తాళము వేసి సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడినవి. అట్టి ద్వారము తెరచుటకు సభ్యులు సమ్మతింపరాదు. బయటి నుండి చూచుట తప్పనిసరియైనచో వి.పి.ఎన్. ఏర్పాటును అడుగవలెను. రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును మాత్రము మొదటి దినముననే మార్పించవలెను.