నాడిలా కొట్టుకునే వాపును కోయించకండి



చెవి వెనుక, చెంప మీద లేదా తలపై మెత్తని వాపు ఉండి, వేలు పెడితే నాడిలా కొట్టుకుంటున్నదా? అది మామూలు గడ్డ కాకపోవచ్చు. ధమనులు, సిరలు పుట్టుకతోనే నేరుగా కలిసిపోయిన రక్తనాళాల చిక్కుముడి కావచ్చు. ఇది శాపము కాదు, తల్లి చేసిన తప్పూ కాదు. యుక్తవయసులోను, గర్భిణిగా ఉన్నప్పుడును పెరగవచ్చు.

గడ్డ అనుకొని కోసినా, వాతలు పెట్టినా రక్తం ధారగా పోయి ప్రాణానికే ముప్పు.

దీనికి ఎంబోలైజేషన్ అనే చికిత్స ఉంది. తొడ మొదట్లోని ధమని గుండా సన్నని గొట్టాన్ని ఎక్స్‌రే తెరపై చూస్తూ చిక్కుముడి వరకు పంపి, జిగురు వంటి మందుతో లోపలినుండే మూసివేస్తారు. తరువాత 1 నుండి 3 రోజులలో ఆపరేషన్ చేస్తే రక్తస్రావం బాగా తగ్గుతుంది. వాపుకు రక్తం తెచ్చే ధమనిని ముందే కట్టివేయించుకుంటే ఈ దారి మూసుకుపోతుంది; పక్క నాళాలు పెరిగి వాపు మళ్లీ వస్తుంది.

కొద్దిమందిలో పక్షవాతం, చూపు పోవడం, చర్మం దెబ్బతినడం వంటి ప్రమాదాలున్నాయి. అందుకే అనుభవమున్న పెద్ద ఆసుపత్రికే పంపుతాము. నయమైనా ఏళ్ల తరబడి చూపించుకోవాలి.

రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి వెంటనే రండి. మీ కొరకు ప్రార్థిస్తున్నాము.