అమ్మ ఒత్తిగిలిందా?

శాలిబండలో మా యిల్లు చాలా పాతది. డంగు సున్నపు గోడలు, మూరెడు మందం. ఆ యింటి నడిమి గదిలో మా అమ్మ పక్షవాతంతో మంచం పట్టి యేడాది దాటింది. అటువంటి మనిషిని రెండేసి గంటలకొకసారి ఒత్తిగిలించాలి. లేకపోతే వొంటి బరువంతా ఒకేచోట ఆని, అక్కడ నెత్తురు ఆడక పుండు పడుతుంది. పగలు ఫరవాలేదు. రాత్రి మాటేమిటి? అమ్మ తనంతట తాను కాస్త తిరిగిందో లేదో తెలియక, అక్కయ్య గడియారం చూసుకుంటూ కూర్చునేది.

కెమేరా పెడదామన్నారెవరో. "పానం బాగలేనప్పుడు నన్ను ఫోటోలు తీస్తరారా?" అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మాట అంతటితో సరి.

అక్కయ్య కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. కోఠీలో గుజరాతీ గల్లీకి పోయి వెయ్యి రూపాయలలోపు సామాను తెచ్చాడు. అందులో గోరంత చిప్పు ఒకటి వున్నది. దానిలో సిలికాన్ స్ప్రింగులకు వేలాడే కంటికానని ముక్క వుంటుందట. భూమి దాన్ని యేవైపు లాగుతున్నదో కొలిస్తే మనిషి వెల్లకిలా వున్నదీ, పక్కకు తిరిగినదీ తెలిసిపోతుంది! దాన్ని అమ్మ నడుము పట్టీలో అమర్చాడు. రెండు గంటలు పక్క మారకపోతే పట్టీ వైఫై ద్వారా కబురు పంపుతుంది. అక్కయ్య గదిలో గంట మోగుతుంది. మా గోడలు ఆ తరంగాలను మింగేస్తుంటే, రౌటరును వసారా కిటికీలోకి మార్చాం.

రోగి కదలికను కనిపెట్టి వుండడం మా వూరికి కొత్త కాదు. నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆసుపత్రికి పూర్వరూపమైన అక్కడి ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ అనే సర్జను, క్లోరోఫారం యిచ్చేటప్పుడు నాడి కాదు, వూపిరి చూడండని శిష్యులకు నూరిపోసేవాడు. దాని నిజానిజాలు తేల్చడానికి 1888లోనూ, 1889లోనూ ఆరవ నిజాం ఆదరణతో యిక్కడే రెండు కమిషన్లు కూర్చున్నాయి. రెండవదానికి లండను నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. లారీ మాటే నెగ్గింది. కాని 1911లో గుడ్‌మన్ లీవీ, తేలిక మత్తులో గుండె కూడా హఠాత్తుగా ఆగిపోగలదని పిల్లుల మీద చూపించాడు. వూపిరి ఒక్కటే చూస్తే అది అందదు.

మాకూ ఒకటి అందలేదు. లాల్ దర్వాజా బోనాల నాడు యింటినిండా చుట్టాలు. రాత్రి గంట మోగలేదు. అమ్మే తిరుగుతున్నది కాబోలని హాయిగా నిద్రపోయాం. తెల్లవారి చూస్తే తుంటి మీద రూపాయి బిళ్ళంత యెర్రటి మచ్చ! పట్టీలో బ్యాటరీ తీగె వూడిపోయింది. చచ్చిన పట్టీ కబురెలా పంపుతుంది?

"తప్పు నాదే, మామయ్యా," అన్నాడు మేనల్లుడు. ఇప్పుడు పట్టీ నిమిషానికొకసారి తానున్నానని చెబుతుంది. అయిదు నిమిషాలు ఆ పలుకు వినపడకపోతే గంట మోగుతుంది. గంటకు వేరే బ్యాటరీ వుంది గనుక, కరెంటు పోయి రౌటరు ఆరినా మోగుతుంది. విసుగే, కాని లేచి చూడడం మేలు.

మచ్చ పది రోజులకు మాసింది. ఇప్పుడు రెండు గంటలు పెట్టాడు: ఒకసారి నా గదిలో, మరుసారి అక్కయ్య గదిలో. నిన్న రాత్రి రెండింటికి నా వంతు. వెళ్ళేసరికి అమ్మ మెలకువగానే వుంది.

"మల్ల మోగిందారా?" అంది.