ఫండెడ్ పీహెచ్‌డీ

డయాబెటిస్, హార్మోన్ల పరిశోధనకు విద్యార్థులు కావాలంటూ విశ్వవిద్యాలయాలు ఇచ్చే ప్రకటనల్లో తరచూ కనిపించే మాట ఇది. ఇందులో ఫీజు, జీవన ఖర్చుల భారం విద్యార్థిపై పడదు.

డెన్మార్క్‌లో పీహెచ్‌డీ సాధారణంగా మూడేళ్లు. విద్యార్థులు ఉద్యోగుల్లా జీతం అందుకుంటారు. అక్కడి డయాబెటిస్ అండ్ ఎండోక్రైన్ అకాడమీ ఫెలోషిప్‌లకు నోవో నార్డిస్క్ ఫౌండేషన్ నిధులిస్తుంది. కోపెన్‌హాగన్ శాస్త్రవేత్త యెన్స్ యూల్ హోల్స్ట్ దశాబ్దాలుగా శోధించిన పేగు హార్మోన్ జీఎల్‌పీ-1, భోజనం తర్వాత క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలను పెంచుతుంది. సెమాగ్లుటైడ్ మందు పనితీరుకు ఆధారం అదే. ఇలాంటి ఫలితాలకు ఏళ్ల తరబడి నిలకడైన నిధులు కావాలి.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000; సీనియర్‌కు రూ.42,000. హైదరాబాద్ సీసీఎంబీ వంటి ప్రయోగశాలల్లో ఎందరో యువ పరిశోధకులకు ఇదే ఆధారం.

దరఖాస్తుకు ముందు నిధులు ఎన్నేళ్లకో, విదేశీ విద్యార్థులకూ వర్తిస్తాయో లేదో తప్పక చూసుకోవాలి.