పిండికోడి మోసిన పాపం

తలపులోనే పాపం పుడుతుందని వెయ్యేళ్ల కిందట గంగాధరలో ఒక జైనముని రాశాడు

2027లో గోదావరికి పుష్కరాలు. ధర్మపురి, కాళేశ్వరం రేవులు మళ్లీ జనంతో కిటకిటలాడతాయి. ఆలోగా పాపం, శాశ్వతత్వం అన్న ఊహలు మనిషికి ఎక్కణ్నుంచి వచ్చాయో రాయమని సంపాదకులు గడువు పెట్టారు. వేదాల నుంచి ఈజిప్టు సమాధుల దాకా ఎంతైనా తిరగేయొచ్చు. నన్ను మాత్రం కదలనీయకుండా కూర్చోబెట్టింది ఒక సంస్కృత కావ్యం: సోమదేవసూరి రాసిన ‘యశస్తిలక చంపువు’. శక సంవత్సరం 881లో, అంటే 959లో, గంగాధరలో దీన్ని ముగించానని కవి చివర్లో చెప్పుకున్నాడు. అది కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలోని మన గంగాధరేనని చరిత్రకారుల గుర్తింపు.

కథ ఇదీ. ఉజ్జయిని రాజు యశోధరుడు తనకు పీడకల వచ్చిందని తల్లికి చెబుతాడు. కీడు తొలగాలంటే దేవతకు జీవాలను బలివ్వమంటుంది చంద్రమతి. ప్రాణం తీయనంటాడు కొడుకు. తల్లి పట్టు విడవదు. చివరికి ఇద్దరూ ఒక రాజీకి వస్తారు. పిండితో కోడిని చేసి, నిజం కోడిని కోసినట్టే దేవత ముందు కోస్తారు. చుక్క నెత్తురు చిందలేదు. అయినా ఆ తర్వాత రాణి పెట్టిన విషానికి చనిపోయిన తల్లీకొడుకులు నెమలిగా, కుక్కగా, చేపగా, మేకగా, కోళ్లుగా పుడుతూ చస్తూ పోతారు. తన కొడుకు ఏలే ఇంటికే తండ్రి మూగజీవమై వస్తాడు. కొడుకు గుర్తుపట్టడు.

ఈ కథను సోమదేవుడికి ముందూ తర్వాతా జైన కవులు చాలామంది చెప్పారు. అందరి వాదమూ ఒకటే: చచ్చింది పిండే కావచ్చు, చంపాలన్న తలపు నిజమైనది. దసరాకు దుకాణం ముందు యాటకు బదులు కుంకుమ పూసిన గుమ్మడికాయను కొట్టే మనకు ఈ మాట సూటిగానే తగులుతుంది.

శాశ్వతత్వం అన్న ఊహ పుట్టిన చోటు కూడా నాకు ఇక్కడే కనిపించింది. చేతితో చేసిన తప్పుకు ఊరి పంచాయితీ చాలు. దెబ్బ కనబడుతుంది, సాక్షి ఉంటాడు, జరిమానా తేలుతుంది. తలపులో చేసిన తప్పుకు సాక్షి ఎవరు? దానికి ఈ లోకంలో విచారణ లేదు కాబట్టి, లెక్క తేలేదాకా జన్మలను పొడిగించాల్సి వచ్చింది. పాపం మనసులోకి చేరినకొద్దీ కాలం చివర లేకుండా సాగింది.

చరిత్ర క్లుప్తంగా: సోమదేవుడిని ఆదరించిన వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటుల సామంతులు. రెండో అరికేసరి కొలువులో పంపడు కన్నడ భారతం రాశాడు. అరికేసరి కొడుకు బద్దెగుడు వేములవాడలో శుభధామ జినాలయం కట్టించాడు. దాని కోసం 966లో మూడో అరికేసరి సోమదేవుడికి ఒక ఊరినే దానమిచ్చాడు. పర్భణీ తామ్రశాసనం చెప్పే సంగతి ఇది.

శాశ్వతత్వానికి పాపమొక్కటే మూలం కాదని చెప్పేవాళ్లూ మన పక్కనే ఉన్నారు. ఆదిలాబాద్ గోండుల మధ్య 1940లలో పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వాళ్ల చావు కర్మలను వివరంగా నమోదు చేశాడు. పోయినవాళ్లు కర్మల తర్వాత తమ వంశ దైవం పెర్సాపేన్‌ను, ముందుతరాల పెద్దలను చేరుకుంటారు. మంచిచెడ్డలు తూచి స్వర్గనరకాలు పంచే తీర్పు అక్కడ లేదు. తెగిపోని చుట్టరికమే వాళ్ల శాశ్వతత్వం. లెక్క తేలాలన్న పట్టు ఒక మూలం, మనవాళ్లను వదులుకోలేని ప్రేమ ఇంకో మూలం. నా మనసు రెండోదానివైపే మొగ్గుతుంది.

సోమదేవుడి ప్రశ్నకు దండం పెడతాను. ఆయన వేసిన శిక్షను మాత్రం ఒప్పుకోలేను. ప్రాణం తీయనని తల్లికి ఎదురు నిలవడం కూడా యశోధరుడి తలపే కదా! ఆ దయ ఏ ఖాతాలో జమైంది? తలపును తూచే తక్కెడలో దయకూ చోటుండాలి. లేదంటే పాపభీతి మిగులుతుంది, ధర్మం మిగలదు.

సోమదేవుడు ఇంకో మాటా అన్నాడు. పుణ్యం వస్తుందని నదుల్లో మునగడాన్ని లోకంలోని మూఢనమ్మకాల జాబితాలో చేర్చాడు. నేను పుష్కరాలకు పోతాను. నీళ్లు పాపం కడుగుతాయని కాదు, మా పెద్దలకు తర్పణం వదలడానికి.

బాక్స్: బొమ్మలగుట్ట
గంగాధర మండలం కురిక్యాల దగ్గరి గుట్ట ఇది. పంపడి తమ్ముడు జినవల్లభుడు ఇక్కడ చక్రేశ్వరిని, తీర్థంకరులను చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ శాసనం వేయించాడు. తెలుగు కంద పద్యాల్లో తొలినాటివి ఈ బండ మీదే ఉన్నాయి.

బాక్స్: యముడికీ గుడి
ధర్మపురి నరసింహస్వామి ఆలయ ఆవరణలో యమధర్మరాజుకు గుడి ఉంది. ధర్మపురికి వస్తే యమపురి ఉండదని నానుడి. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు: ఒకటి కాలుడిది, ఇంకొకటి ముక్తేశ్వరుడిది.