మీకు తెలుసా? పశువుల తొట్టి చుట్టూ మనం చేర్చిన పాత్రలు

డిసెంబర్ వచ్చిందంటే గోదావరిఖని, బెల్లంపల్లి కాలనీల్లో ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. కరీంనగర్ చర్చిల్లో సెమీ క్రిస్మస్‌లు, పిల్లల నాటికలు మొదలవుతాయి. ఆ నాటికల్లో గొర్రెల కాపరులు, ముగ్గురు రాజులు, ఒంటెలు, ఎద్దు, గాడిద, తలుపేసుకునే సత్రం యజమాని అంతా ఒకే రాత్రి ఒకే పాక దగ్గర చేరతారు. బైబిల్ తెరిచి చూస్తే వీళ్లలో సగం మంది అక్కడ లేరు. వాళ్లను పక్కకు జరిపితే తప్ప అసలు కథ సరిగా కనిపించదు.

నాలుగు సువార్తల్లో రెండింటిలోనే ఈ కథ ఉందని మీకు తెలుసా?

మార్కు, యోహాను యేసు పుట్టుక వివరాలు ఎత్తనే లేదు. చెప్పింది మత్తయి, లూకా. ఆ ఇద్దరూ చెప్పింది కూడా ఒకే కథ కాదు. నక్షత్రం, తూర్పు దేశపు జ్ఞానులు, హేరోదు రాజు కోపం, ఐగుప్తు ప్రయాణం మత్తయిలోనే ఉన్నాయి. జనాభా లెక్క, పశువుల తొట్టి, కాపరులు, వాళ్లకు కనిపించిన దేవదూతలు లూకాలోనే ఉన్నాయి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో 1812లోనే శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. రెండు వందల ఏళ్లకు పైగా పుస్తకం మన చేతుల్లో ఉంది. అయినా మనసులో నిలిచింది బొమ్మల కొలువే.

గొర్రెల కాపరులు నక్షత్రాన్ని చూసి రాలేదని మీకు తెలుసా?

వాళ్లకు కబురు చెప్పింది దేవదూత. చూడాల్సిన గుర్తు కూడా ఆకాశంలో లేదు. గుడ్డల్లో చుట్టి తొట్టిలో పడుకోబెట్టిన పసికందే వాళ్లకు గుర్తు. నక్షత్రం పూర్తిగా జ్ఞానుల కథలోది.

సత్రం యజమాని బైబిల్‌లో ఎక్కడా లేడని మీకు తెలుసా?

లూకా చెప్పింది ఒక్క మాట: బసలో వాళ్లకు చోటు లేదు, అందుకని బిడ్డను తొట్టిలో పడుకోబెట్టారు. తలుపు తట్టడాలు, పొమ్మనడాలు లేవు. పాక అన్న మాట కూడా లేదు. అప్పటి పల్లె ఇళ్లలో చాలావాటికి ఒకటే పెద్ద గది. మనుషులు ఉండే అరుగు కాస్త ఎత్తుగా, రాత్రిపూట పశువులను కట్టే చోటు పల్లంగా, రెండింటికీ నడుమ మేత తొట్లు ఉండేవి. అందుకే చాలామంది పండితులు యేసు ఊరి బయట కొట్టంలో కాక, చుట్టాలతో కిక్కిరిసిన ఒక మామూలు ఇంట్లోనే పుట్టి ఉంటాడని అంటారు. యోసేపుది దావీదు వంశం, బేత్లెహేము దావీదు ఊరు. సొంత ఊళ్లో నిండు గర్భిణిని ఏ గడపా లోపలికి పిలవలేదంటే నాకు నమ్మబుద్ధి కాదు. బిడ్డ గుహలో పుట్టాడన్న నమ్మకం కూడా పాతదే. రెండో శతాబ్దపు జస్టిన్ మార్టిర్ రాతల్లో ఉంది. బేత్లెహేములోని జనన దేవాలయం అలాంటి గుహ మీదే నిలిచింది.

ఇంకొక సంగతి. ఊరు చేరిన రాత్రే నొప్పులు మొదలైనట్టు నాటికల్లో చూపిస్తారు. వాళ్లు అక్కడ ఉండగా నెలలు నిండాయని మాత్రమే లూకా అంటాడు. మరియ గాడిదనెక్కి వచ్చిందని కూడా సువార్తల్లో లేదు.

ఎద్దు, గాడిద ఎక్కడివి? యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో ఈ రెంటి ప్రస్తావన ఉంది. దాన్ని బట్టి నాలుగో శతాబ్దపు శిల్పులు వాటిని తొట్టి పక్కన చెక్కారు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో అస్సీసీ పునీత ఫ్రాన్సిస్ ప్రాణమున్న ఎద్దునూ గాడిదనూ తెచ్చి నిలబెట్టాడు. మన చర్చిల్లో కట్టే పశువుల పాకకు అదే ఒరవడి.

జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదని మీకు తెలుసా?

మూడు కానుకలను బట్టి ముగ్గురని లెక్క కట్టుకున్నాం. రోమ్ భూగర్భ సమాధుల గోడల మీద ఒకచోట ఇద్దరు, ఇంకోచోట నలుగురు కనిపిస్తారు. ప్రాచీన సిరియా క్రైస్తవ రచనల్లో పన్నెండు మంది. ఇదేదో మనకు సంబంధం లేని దూరపు సంగతి అనుకోవద్దు. 1999లో చాందా నుంచి విడదీసి ఏర్పాటు చేసిన ఆదిలాబాద్ సిరో మలబార్ మేత్రాసనం ఆరాధన క్రమం ఆ తూర్పు సిరియా సంప్రదాయానిదే. జనవరి 6న పాశ్చాత్య సంఘాలు జ్ఞానుల రాకను తలుచుకుంటే, ఆ సంప్రదాయం వాళ్లు దనహా పేరుతో యేసు బాప్తిస్మాన్ని తలుచుకుంటారు.

వాళ్లు రాజులని కూడా మత్తయి అనలేదు. కీర్తనల గ్రంథంలో, యెషయాలో రాజులు కానుకలు తెచ్చే మాటలున్నాయి. ఒంటెలూ ఆ యెషయా నుంచే వచ్చాయి.

పుట్టిన రాత్రే వాళ్లు వచ్చారా? రాలేదనడానికి నాకు బలంగా తోచే ఆధారం రెండు పావురాలు. నలభై రోజులకు మరియ, యోసేపు యెరూషలేము దేవాలయానికి వెళ్లి, గొర్రెపిల్లను ఇచ్చుకోలేని పేదలకు ధర్మశాస్త్రం అనుమతించిన పక్షుల జతను అర్పించారని లూకా రాశాడు. అప్పటికే చేతిలో బంగారం ఉంటే గొర్రెపిల్లనే తెచ్చేవాళ్లు కదా! జ్ఞానులు ఇంట్లోకి వచ్చారని మత్తయి అంటాడు. చంపించడానికి హేరోదు రెండేళ్ల లోపు పిల్లలని లెక్క వేశాడంటే అప్పటికి కొంత కాలం గడిచే ఉంటుంది.

కానుకల్లోని సాంబ్రాణికి ఆదిలాబాద్ అడవిలో ఒక చుట్టం ఉందని మీకు తెలుసా?

జ్ఞానులు తెచ్చింది బోస్వెల్లియా జాతి చెట్ల జిగురు. ఆ చెట్లు ఒమన్‌లోని ధోఫార్, యెమెన్, సోమాలియా ఎండు నేలల్లో పెరుగుతాయి. బెరడు మీద గాటు పెడితే పాలలాంటి రసం కారి గడ్డకడుతుంది. అదే జాతికి చెందిన అందుగు చెట్టు మన టేకు అడవుల్లో, రాతి గుట్టల మీద ఉంది. కొట్టులో సాంబ్రాణి అని అమ్మేది చాలావరకు వేరు. అది ఆగ్నేయాసియా దీవుల స్టైరాక్స్ చెట్టు జిగురు. పసిపిల్లలకు నీళ్లు పోశాక మన ఇళ్లలో వేసే పొగ దానిదే. చంటిబిడ్డ ఉన్న ఇంటికి సాంబ్రాణి పట్టుకెళ్లడం మన అమ్మమ్మలకు వింతగా తోచే పని కాదు.

డిసెంబర్ 25 అన్న తేదీ బైబిల్‌లో లేదని మీకు తెలుసా?

మనకు దొరికే తొలి స్పష్టమైన ఆధారం క్రీ.శ. 354 నాటి రోమన్ పంచాంగం. ఆర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6నే పండుగ చేస్తుంది. కాపరులు రాత్రి పొలాల్లో ఉన్నారు కాబట్టి అది చలికాలం కానే కాదని కొందరు వాదిస్తారు. మన గొల్ల కురుమలు కోతలయ్యాక రైతు చేనులో రాత్రిపూట మంద పెట్టడం చూసినవాళ్లు, కాపరి ఆరుబయట పడుకున్నంత మాత్రాన నెల తేల్చలేమని ఒప్పుకుంటారు. సంవత్సరం సంగతీ అంతే. క్రీస్తు శకాన్ని లెక్కగట్టింది 525లో డయనీషియస్ అనే సన్యాసి. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల మాట. అంటే యేసు క్రీస్తు శకానికి ముందే పుట్టాడు. తేదీ తెలియనంత మాత్రాన పండుగకు లోటు లేదు. మెదక్ మహాదేవాలయాన్ని ప్రతిష్ఠించడానికి 1924లో ఎంచుకున్నది డిసెంబర్ 25నే.

జ్ఞానులు వెళ్లాక ఏమైందో మన నాటికలు చూపించవని గమనించారా?

యోసేపుకు కల వచ్చింది. రాత్రికి రాత్రే తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకు పారిపోయాడు. హేరోదు బేత్లెహేములో పిల్లలను చంపించాడు. ఎంతమందో మత్తయి చెప్పలేదు. తర్వాతి కాలం వాళ్లు వేలల్లో చెప్పుకున్నారు. ఊరు చిన్నది కాబట్టి డజనో రెండు డజన్లో ఉండవచ్చని పండితుల అంచనా. ఒక్కరైనా ఆ తల్లికి దుఃఖం దుఃఖమే. హేరోదు పోయాక తిరిగి వస్తూ, యూదయలో అతని కొడుకు అర్కెలాయు ఏలుతున్నాడని విని, భయపడి ఉత్తరాన గలిలయలోని నజరేతుకు వెళ్లారు. ఐగుప్తు ఊసే లేకుండా, దేవాలయం నుంచి నేరుగా నజరేతుకు తిరిగి వెళ్లారంటాడు లూకా. ఈ తేడాను దాచిపెట్టక్కర్లేదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో దుబాయికో మస్కట్‌కో మనిషిని పంపని వాడ తక్కువ. వాళ్లది బతుకుదెరువు వలస, యోసేపుది ప్రాణభయం. అయినా పరాయి దేశంలో బతకడం ఎంత కష్టమో ఇక్కడి ప్రేక్షకులకు విడమర్చి చెప్పనక్కర్లేదు. ఈసారి నాటిక రాసే సండే స్కూల్ టీచర్లు సత్రం యజమాని పాత్ర తీసేసి, ఆ చోటులో ఐగుప్తు దారి పట్టిన కుటుంబాన్ని వేదిక మీదికి తీసుకురావాలని నా కోరిక.